పురిటి మంచం ఏ దేశంలో ఉంది?

మా అమ్మ మొదటి కాన్పుకి పుట్టింటికి వెళ్ళింది. అందుకే నా పాస్‌పోర్టులో పుట్టిన చోటు అన్న గడిలో తెనాలి అని ఉంటుంది. ఆ ఊళ్ళో నేనున్నది మూడో నెల నిండేదాకా, అదీ ఉయ్యాల్లో. ఎవరైనా ‘మీదే ఊరండీ?’ అంటే హనుమకొండ అంటాను, నాన్నది ఆ ఊరు కాబట్టి. తెలుగిళ్ళలో ఇది మామూలు సంగతే. పురుడు తల్లి ఊళ్ళో, సొంతూరు తండ్రిది. అసలు పుట్టుక అనగానే మనకు తట్టేది చోటు కాదు. ఎవరి కడుపున, ఏ ఇంటిపేరు, ఏ కులం, ఇవే. ‘పుట్టుక బుద్ధి’ అని ఒకణ్ణి తిట్టేటప్పుడు మనం తిట్టేది వాడి ఊరిని కాదు గదా.

అలాంటి మనకి, బిడ్డ ఎక్కడ పుట్టిందో అదొక్కటి తేలితే చాలు, మిగతా ప్రశ్నలు అక్కర్లేదనే పౌరసత్వ చట్టం కాస్త వింతగానే ఉండాలి. కానీ గత ముప్పై నలభై ఏళ్ళలో ఆ చట్టం గురించి మన ఇళ్ళలో జరిగినంత చర్చ బహుశా న్యాయ కళాశాలల్లో కూడా జరిగి ఉండదు. కూతురి పురుడు పొయ్యడానికి తల్లి అమెరికా విమానం ఎక్కడం మనకిప్పుడు ఆనవాయితీ. పుట్టిల్లే సూట్‌కేసులో కాయం, శొంఠి పెట్టుకుని బిడ్డ పుట్టే చోటికి కదిలి వెళ్తోంది. ఆ చట్టం ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరికోసం పుట్టింది, ఎవరి చేతుల్లో పడి ఎలా మారింది అన్నది ఒకసారి వెనక్కి తిరిగి చూడాల్సిన కథ.

పౌరసత్వానికి లెక్కలు రెండు: తల్లిదండ్రుల్ని చూసేది నెత్తురు లెక్క, పుట్టిన చోటు చూసేది నేల లెక్క. నెత్తురు లెక్కతో మొదలుపెడదాం. క్రీ.పూ. 451లో ఏథెన్సులో పెరిక్లీస్ ఒక చట్టం చేయించాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్సు వాళ్ళయితేనే బిడ్డ పౌరుడు. తర్వాత ఆయనే మిలేటస్ నుంచి వచ్చిన ఆస్పేసియాతో కాపురం పెట్టాడు. కొడుకు పుట్టాడు. కొన్నాళ్ళకు నగరంలో మహమ్మారి చెలరేగి, భార్యకు పుట్టిన కొడుకులిద్దరూ పోయారు. ఇంటిపేరు నిలబెట్టడానికి మిగిలింది పరాయిది కన్న పిల్లవాడే. ఆ పిల్లవాడికి మినహాయింపు ఇవ్వమని పెరిక్లీస్ తన చట్టం మీద తానే జనం ముందు ప్రాధేయపడాల్సి వచ్చింది. వాళ్ళు దయతలిచి ఇచ్చారు.

నేల లెక్క పుట్టింది ఇంగ్లండులో. అయితే అది దయతో పుట్టింది కాదు. 1603లో స్కాట్లండు రాజు జేమ్స్ ఇంగ్లండుకి కూడా రాజయ్యాడు. రెండేళ్ళకు ఎడింబరోలో రాబర్ట్ కాల్విన్ అనే బిడ్డ పుట్టాడు. వాడి పేర లండన్ దగ్గర ఆస్తి దావా పడింది. పరాయి దేశస్థుడికి ఇంగ్లండులో భూమి దక్కదని అప్పటి చట్టం. మరి వీడు పరాయివాడా, కాదా? 1608లో న్యాయమూర్తులు తేల్చారు, ఎడ్వర్డ్ కోక్ రాసిపెట్టాడు: రాజు ఏలుబడిలో ఉన్న నేల మీద పుట్టినవాడు రాజు మనిషి. తీర్పు బిడ్డకు మేలే చేసింది. కానీ అందులోని తర్కం చూడండి. పెరట్లో పుట్టిన దూడ పెరటి ఆసామిదే అన్నట్టుంది. రాజు రక్షణలో పుట్టావు, కాబట్టి ఆయనకు రుణపడ్డావు, ఆ రుణం చచ్చేదాకా తీరదు.

తీరదన్నది మాటవరసకి కాదు. అమెరికా విడిపోయి సొంత దేశమయ్యాక కూడా బ్రిటిష్ నౌకాదళం అమెరికా ఓడల్ని ఆపి, ‘నువ్వు మా నేల మీద పుట్టావు’ అంటూ నావికుల్ని లాక్కుపోయేది. 1812 యుద్ధానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. పుట్టిన దేశాన్ని వదులుకునే హక్కుని బ్రిటన్ ఒప్పుకున్నది 1870లో.

ఫ్రాన్సులో కథ ఇంకో రకం. విప్లవం తర్వాత నెపోలియన్ కాలపు న్యాయ సంహితలో నెత్తురు లెక్కే గెలిచింది. ఫ్రాన్సులో పుట్టినవాళ్ళందరినీ కలిపేసుకోవాలని నెపోలియన్‌కి ఉండేదట, సైన్యానికి మనుషులు కావాలి గదా. న్యాయకోవిదులు పడనివ్వలేదు. తీరా 1889కి వచ్చేసరికి ఆ సైన్యం అవసరమే మళ్ళీ ముందుకొచ్చింది. బెల్జియం, ఇటలీ నుంచి వచ్చి ఫ్రాన్సులో స్థిరపడ్డవాళ్ళ పిల్లలు పక్కింటి ఫ్రెంచి పిల్లల్లాగే పెరుగుతారు, అక్కడే పని చేస్తారు, పట్టాళానికి పిలిచే రోజున మాత్రం విదేశీయులు. ఆ ఏడాది చట్టంతో నేల లెక్క తిరిగొచ్చింది. పౌరసత్వం ఇచ్చారనడం కంటే చేతికి తుపాకీ ఇచ్చారనడమే దగ్గర. దక్షిణ అమెరికా దేశాలది వేరే అవసరం. అంతంత నేల, మనుషులేమో లేరు. ఏలడం అంటే జనాన్ని నింపడమే అని అర్జెంటీనా మేధావి అల్బెర్ది వాదించిన రోజులవి. పుట్టినవాణ్ణి పుట్టినట్టు పౌరుడిగా రాసుకుంటేనే వలస వచ్చేవాడికి ధైర్యం. ఇవాళ్టికీ ఏ షరతూ లేకుండా నేల లెక్క పాటించే దేశాలు ఎక్కువగా ఉన్నది రెండు అమెరికా ఖండాల్లోనే.

ఇక అమెరికా. అక్కడ మొదట రెండు లెక్కలుండేవి, చర్మాన్ని బట్టి. తెల్లవాళ్ళ బిడ్డకి నేల లెక్క. నల్లవాళ్ళ బిడ్డకి వేరేది. 1662లోనే వర్జీనియా వలస రాజ్యం చట్టం చేసింది: బిడ్డ బతుకు తల్లి బతుకును బట్టి. తల్లి బానిసయితే బిడ్డా బానిసే, తండ్రి తెల్ల యజమాని అయినా సరే. కులాన్ని దగ్గర్నుంచి చూసినవాళ్ళకు ఈ తర్కం కొత్తగా అనిపించదు. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో ప్రధాన న్యాయమూర్తి టానీ దీనికి ముద్ర వేశాడు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ సంతతి, బానిసలైనా స్వతంత్రులైనా, అమెరికా పౌరులు కానేకారని. ఆ తీర్పును కొట్టెయ్యడానికి అంతర్యుద్ధం కావాల్సి వచ్చింది. 1868 జూలైలో ఆమోదం పొందిన 14వ సవరణ మొదటి వాక్యంలోనే తేల్చేసింది: అమెరికాలో పుట్టి దాని అధికార పరిధికి లోబడినవాళ్ళందరూ పౌరులు.

నేల లెక్క అర్థం తిరగబడింది ఇక్కడేనని నా లెక్క. మాట అదే, పని వేరు. ఇంగ్లండులో అది రాజు మనిషికి కట్టిన పలుపుతాడు. ఇక్కడ అదే, తల్లి మెడలో ఉన్న తాడు బిడ్డ మెడకు పడకుండా కోసిన కత్తి. నీ తల్లి ఎవరి సొత్తు అని అడిగే హక్కు ఇక ఎవరికీ లేదు. మట్టికి మహిమ ఉందని నేననుకోను. అడగకూడని ప్రశ్నని అడగనివ్వకపోవడమే ఈ చట్టం గొప్ప.

అయినా అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. తమాషా ఏమిటంటే, ఆ నేల ఎవరిదో వాళ్ళకే ఆ నేల లెక్క వర్తించలేదు. జాన్ ఎల్క్ అనే ఆదివాసి తెగను వదిలి ఒమహా నగరంలో కాపురముండి ఓటడిగితే, తెగలో పుట్టావు కాబట్టి పౌరుడివి కావని 1884లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆదివాసులందరికీ పౌరసత్వం 1924లో గానీ రాలేదు.

వాంగ్ కిమ్ ఆర్క్ కథ దగ్గర కాస్త ఆగాలి. 1873లో శాన్ ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు అక్కడ దుకాణం నడిపి తర్వాత చైనా తిరిగి వెళ్ళిపోయారు. ఇతను వంటవాడు. 1882లో చైనా కూలీల రాకను నిషేధిస్తూ అమెరికా చట్టం చేసింది. వాళ్ళకు పౌరసత్వం ఇచ్చేది లేదని కూడా అందులో రాసింది. 1894లో ఇతను చైనాలో ఉన్న తనవాళ్ళను చూసి రావడానికి బయల్దేరాడు. బయల్దేరే ముందు ఒక కాగితం తయారు చేయించుకున్నాడు: ఇతను ఇక్కడే పుట్టాడని మాకు తెలుసు అని తెల్లవాళ్ళు చేసిన సంతకాలు. పుట్టినవాడి మాట చెల్లదు, చూశామన్న పరాయివాళ్ళ మాట చెల్లుతుంది. మరుసటి ఏడాది ఆగస్టులో ‘కాప్టిక్’ అనే ఓడలో తిరిగొస్తే, ఆ కాగితం ఉన్నా దిగనివ్వలేదు. నువ్వు ఇక్కడ పుట్టావేమో గానీ చైనావాడివే అన్నారు. ఓడ సరుకు దించాక తిరిగి వెళ్ళే టైమొచ్చింది, ఇతన్ని ఇంకో ఓడలోకి మార్చారు, అది వెళ్ళేటప్పుడు ఇంకోదాన్లోకి. నాలుగు నెలలకు పైగా పుట్టిన ఊరు కళ్ళెదుట కనిపిస్తూనే ఉంది, కాలు మోపడానికి లేదు.

అక్కడి చైనీయుల సంఘాలు చందాలేసుకుని కేసు నడిపాయి. 1898 మార్చిలో సుప్రీంకోర్టు ఆరుగురికి ఇద్దరి తేడాతో అతని వైపు తీర్పు చెప్పింది. తీర్పు రాసిన జస్టిస్ హొరేస్ గ్రే వెతుక్కుంటూ వెళ్ళింది ఎక్కడికంటే, 1608 నాటి ఆ స్కాట్లండు పసివాడి కేసుకే. రాజు పేనిన తాడు పట్టుకుని వంటవాడు ఒడ్డెక్కాడు. రాయబారుల పిల్లలు, దండెత్తి వచ్చిన శత్రువుల పిల్లలు, తెగల్లో పుట్టినవాళ్ళు, ఇలాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప అమెరికాలో పుట్టినవాళ్ళందరూ పౌరులే అన్నాడు గ్రే. గెలిచిన మనిషి బతుకు ఏమైనా తేలికపడిందా? 1901లో టెక్సస్‌లోని ఎల్ పాసోలో మళ్ళీ పట్టుకున్నారు, మళ్ళీ నిరూపించుకోమన్నారు. 1910లో పెద్దకొడుకు వస్తే, నువ్వు ఇతని కొడుకువే అని నమ్మకమేమిటని తిప్పి పంపారు.

ఆ దేశానికి వలస వెళ్ళిన మనవాళ్ళకు అప్పుడు ఏ లెక్కా లేదు. పౌరసత్వం తీసుకున్న పంజాబీ సైనికుడు భగత్ సింగ్ థిండ్ తెల్లవాడు కాదని 1923లో అదే సుప్రీంకోర్టు తేల్చింది. 1946లో చిన్న కిటికీ, 1965 వలస చట్టంతో వాకిలి తెరుచుకున్నాయి. అంతకు వందేళ్ళ ముందు నుంచే తెలుగువాళ్ళు సముద్రం దాటుతున్నారు, కాకపోతే దిక్కు వేరు.

కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడెక్కినవాళ్ళు రంగం వెళ్ళేవారు. రంగూన్‌ని మన తాతలు రంగం అనేవారు. అక్కడ తెలుగు కూలీలందరికీ కోరంగీలు అనే పేరు, పిలిచేవాడి గొంతును బట్టి అది తిట్టు కూడా. రేవులో మూటలు మోసిందీ, మిల్లుల్లో ధాన్యం ఆడించిందీ వాళ్ళు. 1930లో రేవు సమ్మె దగ్గర మొదలైన గొడవ తెలుగు కూలీల మీద ఊచకోతగా మారింది. 1942లో జపాన్ సేనలు వస్తుంటే లక్షల మంది భారతీయులు అడవుల దారిన నడిచి వచ్చారు. రాలేనివాళ్ళు, తిరిగి వెళ్ళినవాళ్ళు 1960లలో నె విన్ ప్రభుత్వం దుకాణాలన్నీ జాతీయం చేశాక కట్టుబట్టలతో వచ్చారు. విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అన్న పేరు అప్పటిదే. బర్మాలో పుట్టి అక్కడే పిల్లల్ని కన్నవాళ్ళను ఇక్కడ కాందిశీకులన్నారు. 1982లో బర్మా తెచ్చిన పౌరసత్వ చట్టం ఒక గీత గీసింది: 1823కి ముందు నుంచి ఆ నేల మీద ఉన్న జాతులే అసలైన పౌరులు. మొదటి ఆంగ్లో-బర్మా యుద్ధానికి ముందు సంవత్సరం అది. అంటే నువ్వెప్పుడు పుట్టావన్నది కాదు, మీ తాత ముత్తాత ఎప్పుడు దిగాడన్నది లెక్క.

సింహళం, అంటే ఇప్పటి శ్రీలంక, అంతకు ముందే ఆ పని చేసింది. 1948లో స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే చట్టం చేసి, అక్కడ పుడితే చాలదు, తండ్రి కూడా అక్కడే పుట్టినట్టు చూపించాలంది. తేయాకు తోటల లైన్ గదుల్లో పుట్టిన తమిళ కూలీల దగ్గర తండ్రి జన్మపత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది? లక్షల మంది ఒక్క దెబ్బకు ఏ దేశమూ లేనివాళ్ళయ్యారు. 1964లో ప్రధానులు శాస్త్రి, సిరిమావో కూర్చుని ఆ 9,75,000 మందిని పంచుకున్నారు. 5,25,000 మంది ఇండియాకి, 3,00,000 మంది సింహళానికి, మిగతా లక్షన్నర తర్వాత చూద్దాం అని. పదేళ్ళకు ఇందిర వంతు వచ్చినప్పుడు ఆ లక్షన్నరను చెరి సగం చేసుకున్నారు. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు మనుషుల్ని పంచుకోవడం మన పక్కనే జరిగింది. అలా బర్మా నుంచి, సింహళం నుంచి వచ్చినవాళ్ళ కోసమే 1969లో కేంద్రం ఒక బ్యాంకు పెట్టింది. రెప్కో బ్యాంకు బోర్డు చూసి అదేదో మామూలు ఫైనాన్సు కంపెనీ అనుకునేవాళ్ళే ఎక్కువ.

మన రాజ్యాంగం రాసేటప్పుడు ఈ రెండు లెక్కలూ ఢీకొన్నాయి. పౌరసత్వం గురించిన నిబంధన ముసాయిదా సంఘానికి పెట్టినంత తలనొప్పి, ఒకటి తప్ప మరేదీ పెట్టలేదని అంబేద్కర్ సభలో ఒప్పుకున్నారు. 1947లోనే సర్దార్ పటేల్ విశాలమైన లెక్క వైపు నిలబడ్డారు. దక్షిణాఫ్రికాలో పుట్టిన భారతీయులకు అక్కడి పౌరసత్వం కావాలని మనం అడుగుతూ, ఇక్కడ ఇరుకుగా ఉంటే ఎలా అన్నది ఆయన వాదన. 1860 నుంచి దర్బన్ చెరుకు తోటలకు వెళ్ళినవాళ్ళలో మద్రాసు ఓడెక్కిన తెలుగువాళ్ళూ ఉన్నారని గుర్తు చేసుకుంటే ఆ వాదన మనకు ఇంకొంచెం దగ్గరగా వినిపిస్తుంది. 1949 ఆగస్టులో పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్ లేచి ఇంకో దృశ్యం చూపించారు. విమానంలో వెళ్తున్న ఒక విదేశీ జంట బొంబాయిలో కాసేపు ఆగిందనుకోండి, ఆమెకు అక్కడే కాన్పయితే ఆ బిడ్డ మన పౌరుడైపోవాలా అని. పౌరసత్వం ఇంత చవకా అని ఆయన బాధ. పురిటి కోసమే విమానమెక్కి వస్తున్నారని ఇవాళ అమెరికాలో మన ఆడపిల్లల్ని అంటున్న మాట, డెబ్బై అయిదేళ్ళ కిందట ఢిల్లీలో మనవాళ్ళు అన్నదే.

సభలో విశాలమైన లెక్కే నెగ్గింది. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం 1950 జనవరి 26 తర్వాత ఇండియాలో పుడితే చాలు. రాయబారుల పిల్లలు, శత్రు సైన్యం పిల్లలు మాత్రం తప్ప. కాల్విన్ నాటి మినహాయింపులే. ఆ తర్వాత మెల్లగా తలుపు మూసుకుంటూ వచ్చింది. అస్సాం ఒప్పందం, సింహళ శరణార్థుల రాక నేపథ్యంలో 1986లో సవరణ వచ్చింది. 1987 జూలై 1 నుంచి పుట్టినవాళ్ళకు తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 2003 సవరణతో, 2004 డిసెంబరు 3 నుంచి పుట్టినవాళ్ళకు ఒకరు పౌరులైతే చాలదు, రెండోవారు అక్రమ వలసదారు కాకూడదు. పుట్టిన చోటు చూసే చట్టం రెండు మెట్లు దిగేసరికి తల్లిదండ్రుల కాగితాలు చూసే చట్టం అయింది. దీని మీద మన పత్రికల్లో సంపాదకీయాలు వచ్చాయేమో గానీ, ఏ ఇంట్లోనూ భోజనాల దగ్గర చర్చ జరిగిన గుర్తు నాకు లేదు. అమెరికా చట్టం మారుతుందంటే మాత్రం నిద్రపట్టదు మనకి.

ఆ జూలై 1 అన్న తేదీ చూస్తే నాకు నవ్వొస్తుంది. మన బళ్ళల్లో హెడ్మాస్టర్లు రాసిన పుట్టిన తేదీలు తెలుసు గదా. తండ్రి చెయ్యి పట్టుకొచ్చి ‘వానాకాలంలో పుట్టాడండీ’ అంటాడు, మాస్టారు 1-7 అని రాసేస్తాడు. అలా జూలై ఒకటిన పుట్టినవాళ్ళు మన ఊళ్ళల్లో కొల్లలు. 1987లో ఆ తేదీ పడ్డవాడు గీతకు ఇవతల, జూన్ 30 పడ్డవాడు అవతల. నవ్వు ఎంతసేపో నిలవదు. మండపం శరణార్థి శిబిరంలో 1986లో పుట్టిన ఒకామెకు పాస్‌పోర్టు ఇవ్వమని మద్రాసు హైకోర్టు 2022లో ఆదేశించింది. అదే శిబిరంలో రెండేళ్ళు ఆలస్యంగా పుట్టినవాళ్ళు అదే వీధి కుళాయి నీళ్ళు తాగి పెరిగారు, పౌరులు కారు. అస్సాంలో 2019 ఆగస్టు 31న ప్రచురించిన పౌరుల జాబితాలో 19 లక్షల పైచిలుకు పేర్లు లేవు. తాత పేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా ఉండటమే చాలామంది నేరం. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకు జనన ధృవపత్రం ఒక్కటే పుట్టుకకు సాక్ష్యం.

స్థానికత గొడవ మనకు కొత్తదేం కాదు లెండి. నిజాం కాలంలో పుట్టుకతో హైదరాబాదు ప్రజ అయితే ముల్కీ, లేదా పదిహేనేళ్ళు అక్కడ ఉంటే ముల్కీ. దాని మీద 1952లో, 1969లో నెత్తురు చిందింది. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల తర్వాత స్థానికుడెవరంటే ఎక్కడ పుట్టాడని ప్రధానంగా అడగరు, ఎక్కడ చదివాడని అడుగుతారు. తెనాలిలో పుట్టిన నేను వరంగల్‌లో స్థానికుణ్ణి అయింది అలాగే.

బయట ప్రపంచం కూడా ఇదే దారి పట్టింది. బ్రిటన్ 1983లో, ఆస్ట్రేలియా 1986లో, ఐర్లండు 2004 ప్రజాభిప్రాయ సేకరణ తర్వాత, న్యూజిలాండ్ 2006లో తల్లిదండ్రుల వైపు చూడటం మొదలెట్టాయి. నెత్తురు లెక్కకు పెట్టింది పేరైన జర్మనీ 2000లో కాస్త నేల వైపు జరిగింది. డొమినికన్ రిపబ్లిక్ మాత్రం అందరినీ మించిపోయింది. 2013లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం, హైతీ కూలీల పిల్లల పౌరసత్వం 1929 నుంచీ చెల్లదంది. బతుకంతా పౌరుడిననుకున్న ముసలివాళ్ళు కూడా ఒక్కరోజులో పరాయివాళ్ళయ్యారు.

2025 జనవరి 20న ట్రంప్ సంతకం పెట్టిన ఆదేశం మన ఇళ్ళలోకి నేరుగా వచ్చింది. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే, ఫిబ్రవరి 19 తర్వాత పుట్టే బిడ్డకు పౌరసత్వం లేదంది ఆ ఆదేశం. హెచ్1బి మీద ఉన్న జంటలన్నీ ఇందులోకే వస్తాయి. మూడు రోజులకే సియాటిల్‌లో జడ్జి దాన్ని ఆపారు. జూన్‌లో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే స్టేలకు పగ్గాలు వేసింది. జూలైలో న్యూ హాంప్‌షైర్ జడ్జి పిల్లలందరినీ ఒక వర్గంగా చూసి మళ్ళీ ఆపారు. డిసెంబరులో సుప్రీంకోర్టు అసలు ప్రశ్ననే విచారణకు తీసుకుంది. ఫిబ్రవరి 19 లోపు కాన్పు చేసెయ్యమని డాక్టర్లను బతిమాలుతున్నారని ఆ జనవరిలో పత్రికలు రాశాయి. ముహూర్తాలు పెట్టుకుని సిజేరియన్లు చేయించుకునే జాతి మనది, కాకపోతే ఈసారి ముహూర్తం పెట్టింది పురోహితుడు కాదు.

ఆ నెలలో నేను డాలస్‌లో మా పిన్ని కూతురింట్లో ఉన్నాను. వాళ్ళకు ఇద్దరు పిల్లలు. అమ్మాయి హైదరాబాదులో పుట్టి రెండో ఏట వెళ్ళింది. అబ్బాయి అక్కడే పుట్టాడు. దేశానికింతే అన్న కోటా వల్ల గ్రీన్‌కార్డు వరసలో తండ్రి పదిహేనేళ్ళుగా నిలబడే ఉన్నాడు. అమ్మాయికి ఇరవయ్యొకటి నిండితే తండ్రి వీసా నీడ పోతుంది. చదువు వీసాకు మారాలి, లేదా తనకు గుర్తే లేని హైదరాబాదుకు రావాలి. తెలుగు తమ్ముడి కంటే అక్కకే తక్కువ వచ్చు.

పిన్ని ఆ రెండు కాన్పులూ చేసింది. ఒకటి పుట్టింట్లో, పద్ధతి ప్రకారం. రెండోది అక్కడికి వెళ్ళి. ఆ రాత్రి వీసా కాగితాలు వెతుకుతూ మా చెల్లెలు ఫైలంతా భోజనాల బల్ల మీద పరిచింది. నాలుగు పాస్‌పోర్టులు, మూడు ఒక రకం, ఒకటి వేరే. పిన్ని కళ్ళజోడు పెట్టుకుని పిల్లలవి రెండూ తెరిచి పక్కపక్కన పెట్టుకుంది. ఒకదాని గడిలో హైదరాబాద్, ఇంకోదాని గడిలో టెక్సస్. కాసేపు చూసి, ‘మొదటి కాన్పుకి రావద్దని నేనైనా చెప్పాల్సిందే’ అంది. మా చెల్లెలు ఏమీ అనలేదు, కాగితాలు వెతుకుతూనే ఉంది.